ఆవులిస్తే పేగులు లెక్కపెట్టిన మనిషి

ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే ఆవులింత వస్తుందని బడి రోజుల నుంచీ వింటున్నాం. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి చాలాకాలం ఆ మాటను ఎవరూ గట్టిగా నిలదీయలేదు. నిలదీసింది రాబర్ట్ ప్రొవైన్. అమెరికాలో, బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నాడీశాస్త్రవేత్త. 2019లో కన్నుమూసిన ఈయన 1980లలో ఆవులింత మీద చేసిన ప్రయోగాలు చదువుతుంటే, వాటి ఫలితాల కన్నా ముందు వాటి పనితనం ఆకట్టుకుంటుంది.

1987లో సహచరులతో కలిసి ప్రచురించిన ప్రయోగమే చూడండి. విద్యార్థుల చేత నాలుగు రకాల గాలి పీల్పించారు: మామూలు గాలి, నూరు శాతం ఆక్సిజన్, 3 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపింది, 5 శాతం కలిపింది. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ అర శాతం కూడా ఉండదు కాబట్టి, ఆ మోతాదుకు ఊపిరి వేగం పెరిగి తీరాలి. పెరిగింది కూడా. ఆవులింతలు మాత్రం పెరగలేదు. ఆక్సిజన్ దండిగా ఇచ్చినా తగ్గలేదు. వ్యాయామం చేయించినా అంతే. ఊపిరి మారిందని రుజువు దగ్గర పెట్టుకుని మరీ ఆవులింత మారలేదన్నారు. అది లేకపోతే ‘మీరిచ్చిన మోతాదు చాల్లేదు’ అని ఎవరైనా ఒక్కమాటతో కొట్టిపారేసేవారు.

గాలి సంగతి అలా ఉంచితే, ఆవులింతనే భాగాలుగా కూడా విప్పారు. బండి ఎందుకు మొరాయిస్తోందో తెలియనప్పుడు మెకానిక్ ఒక్కో భాగం తీసి చూసినట్టు. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఆవులింత మొదలవుతుండగా ముక్కు గట్టిగా పట్టుకోండి: హాయిగానే పూర్తవుతుంది. ఈసారి ముక్కు వదిలేసి, పెదవులు తెరిచి, పళ్లు బిగించండి. పళ్ల సందుల్లోంచి గాలి కావలసినంత లోపలికి పోతుంది, కానీ ఆవులింత సగంలో ఇరుక్కుపోతుంది, తీరని దురదలా వేధిస్తుంది. పెదవులు మూసి ముక్కుతోనే ఆవులిద్దామంటే అసలు కుదరదు. గాలి అందినా తృప్తి లేదంటే, ఆవులింతకు కావలసింది గాలి ఒక్కటే కాదు, దవడ బారుగా సాగడం కూడా. ఇంత పెద్ద సంగతిని పైసా ఖర్చు లేకుండా తేల్చేశారు.

కొలతల్లోనూ అదే నేర్పు. ఎవరైనా చూస్తున్నారంటే మనిషికి ఆవులింత ఆగిపోతుంది. అందుకే ఒక్కొక్కరినీ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఆవులింత గురించే ఆలోచించమని చేతికి మీట ఇచ్చారు. ఆవులింత మొదలవగానే నొక్కాలి, ముగిసేదాకా వదలకూడదు. ఒక్కో ఆవులింత సగటున 6 సెకన్లుంది. పొట్టి ఆవులింతల వాళ్లు ఎక్కువసార్లు ఆవులించి లోటు పూడ్చుకోలేదు. రోజుకింత అని తీర్చుకోవలసిన కోటా ఏదీ ఉన్నట్టు లేదు.

ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని మన సామెత. ఒకరి ఆవులింతను ఇంకొకరికి అంటించే ఆ అన్న ముఖంలో ఎక్కడుంటాడో కూడా ప్రొవైన్ వెతికారు. 5 నిమిషాల వీడియోలో 30 ఆవులింతలు చూపిస్తే, చూసినవాళ్లలో 55 శాతం మంది ఆవులించారు. నవ్వు ముఖాలు చూసినవాళ్లలో 21 శాతమే. ముఖాన్ని పక్కకు తిప్పినా, తలకిందులు చేసినా ఆవులింత అంటుకుంది. నోరు కనబడకుండా కప్పేసినా అంటుకుంది! తెరిచిన నోరు ఒక్కటే చూపిస్తే మాత్రం నవ్వుకన్నా మెరుగు కాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్యాదే కావచ్చు, పక్కవాళ్లను మాత్రం కాపాడదు.

ఇదే జాగ్రత్త జంతువుల మీద చేసిన పనిలోనూ కనిపిస్తుంది. తాబేళ్లకు ఆవులింత అంటుకుంటుందా అని అన్నా విల్కిన్సన్ బృందం 2011లో చూసింది. అలెగ్జాండ్రా అనే ఎర్రకాళ్ల తాబేలుకు, ఎర్రటి చతురస్రం కనబడగానే నోరు తెరవడం నెలల తరబడి నేర్పారు. తోటి తాబేళ్లు చూశాయి, ఆవులించలేదు. ఒక్కసారి చాల్లేదేమోనని పదే పదే తెరిపించారు. నేర్పిన ఆవులింత అసలుది కాదేమోనని నిజమైన ఆవులింతల వీడియో చూపించారు. అయినా అంటుకోలేదు. నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ ఆ ఏడాది వారిని వరించింది.

ఇంతకీ ఎందుకు ఆవులిస్తామంటే ప్రొవైన్ ఆచితూచి మాట్లాడారు. నిద్ర లేచాక, పడుకోబోయే ముందు ఆవులింతలు జోరందుకుంటాయని, ఒళ్లు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే వేళకు వాటికీ ముడి ఉందని చెప్పారు. మెదడును చల్లబరచడానికే అన్న వాదన తర్వాత వచ్చింది, దాని మీద చర్చ సాగుతూనే ఉంది. రేపు ఇంకొకటి రావచ్చు. వచ్చిన ప్రతి వాదనా పళ్లు బిగించిన ఆ సగం ఆవులింతకు సమాధానం చెప్పుకోవాలి. మంచి ప్రయోగం బలం అదే: జవాబులు మారినా పరీక్ష చెల్లుతూనే ఉంటుంది.