ఒక్కపొద్దు లెక్క

కార్తీకం వస్తే మా బండి ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎటు చూసినా నల్లబట్టలే. ట్రాక్టరు తోలేవాడు, వడ్ల వ్యాపారి, నంద్యాలలో డిగ్రీ చదివే పిల్లోడు, అందరూ స్వాములే. నిన్నటిదాకా పొద్దెక్కినా లేవనివాడు తెల్లారుజామునే చన్నీళ్లు పోసుకుంటాడు. సిగరెట్టు లేదు, మందు లేదు, ముక్క లేదు. చాప మీద పడక. 41 రోజులూ ఇదే వరస. ఇంత నిష్ఠ ఉన్న మనిషి, బరువు తగ్గాలనుకున్నప్పుడు మాత్రం మూడో వారానికే ఎందుకు చేతులెత్తేస్తాడు?

దేవుడంటే భయముంది, పొట్టంటే లేదు అంటారు. నాకు ఆ జవాబు చాలదు. మాల వేసుకున్నవాణ్ణి ఊరంతా కలిసి కాస్తుంది. పేరుపెట్టి పిలవరు, ‘స్వామీ’ అంటారు. ఇంట్లో అతని కోసం వంట వేరేగా అవుతుంది. రోజూ రాత్రి బారు దగ్గర కలిసే స్నేహితులు ఆ నెలన్నర ఫోన్ కూడా చేయరు. బరువు తగ్గేవాడికి ఈ దన్నేదీ ఉండదు. రెండు కిలోలు తగ్గితే చాలు, ‘ఏం చిన్నాయనా, షుగరొచ్చిందా, ఇట్ల చిక్కిపోతివే’ అని పరామర్శలు మొదలవుతాయి. పెళ్లికి పోతే, ఒక్క భక్ష్యం తింటే ఏమైతాదని విస్తట్లో రెండు వేసి పోతారు. (మాలలో ఉండి బరువు పెరిగిన స్వాములనూ చూశాను. పులిహోర, పప్పు, నెయ్యి, పాయసంతో రోజూ భిక్ష చేస్తే ఎవరు తగ్గుతారు?)

అందుకేనేమో, మనవాళ్లు బరువు తగ్గడాన్ని కూడా దీక్షలాగే పట్టుకుంటారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి తెలుగు ఊళ్లన్నీ చుట్టేసింది గుర్తుందా? అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. కిరాణా కొట్లలో కొబ్బరినూనె డబ్బాలు ముందు వరసలోకి వచ్చాయి. చాలామంది నిజంగానే తగ్గారు. అయితే అన్నం మానిన మొదటి వారంలో దిగే బరువులో ఎక్కువ భాగం నీరు. ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, దాని ప్రతి గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ నిలవ ఖర్చయినప్పుడు నీరూ పోతుంది. త్రాసు ముల్లు గబగబా దిగుతుంటే మనిషికి హుషారు. తర్వాత ముల్లు మొరాయిస్తుంది, హుషారూ చల్లబడుతుంది. మళ్లీ అన్నం ముట్టిన నాలుగు రోజులకే పోయిన నీరు తిరిగొస్తుంది. అది చూసి, నా వల్ల కాదులే అని తేల్చేసుకుంటారు.

నిజానికి అక్కడ ఓడింది మనసొక్కటే కాదు. 2011లో ఆస్ట్రేలియా వైద్యులు కొందరిని 10 వారాలు చాలా తక్కువ తిండి మీద ఉంచి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా హెచ్చుగానే ఉన్నాయి. పోయిన బరువును వెనక్కి రప్పించాలని ఒళ్లు అన్నాళ్లు చూస్తుంది. 41 రోజుల నిష్ఠ ఆ ఆకలికి ఏ మూలకు?

దీక్ష పద్ధతిలో ఇంకో చిక్కుంది. మాలలో చిన్న తప్పు జరిగినా దీక్ష భంగమే. తిండి విషయంలోనూ అదే లెక్క వేసుకుంటాం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినేశాడు. ఎట్లాగూ చెడింది కదా అని మధ్యాహ్నం బిర్యానీకి కూర్చుంటాడు. సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతానంటాడు. 1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అనే ఇద్దరు దీన్ని పరీక్షగా పెట్టారు. ముందు మిల్క్ షేక్ తాగించి, తర్వాత రుచి చూడమని ఐస్‌క్రీమ్ ఇచ్చారు. మామూలుగా తినేవాళ్లు, కడుపు నిండింది కాబట్టి, తక్కువ తిన్నారు. రోజూ నోరు కట్టుకునేవాళ్లు మాత్రం మిల్క్ షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు.

ఇలాంటప్పుడు నాకు మా వైపు ముసలమ్మలు గుర్తొస్తారు. శనివారమో సోమవారమో ఒక్కపొద్దు ఉంటారు. ఏళ్ల తరబడి ఉంటారు. వాళ్లను ఎవరూ మెచ్చుకోరు, మొదలుపెట్టిన రోజు పూజా ఉండదు, విరమణ రోజంటూ అసలే ఉండదు. జ్వరమొచ్చో, కూతురు ఊరికి పోయో ఒక వారం తప్పితే గుండెలు బాదుకోరు, వచ్చే శనివారం మళ్లీ ఉంటారు. 21 రోజుల్లో అలవాటు పడుతుందని చాలామంది నమ్మకం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది, ఒక్కొక్కరి తీరును బట్టి 18 నుంచి 254 రోజుల దాకా లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదని కూడా వాళ్లు గమనించారు. మా ముసలమ్మలకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోరు.

వాళ్లను చూసే నా పద్ధతులు సర్దుకున్నాను. సోనా బియ్యం పండే ఊళ్లో అన్నం మానేయమంటే మొదటి రోజే ఇంట్లో గొడవ. అందుకని మానలేదు, మధ్యాహ్నం ఒక్కపూటే, ఒక్కసారే వడ్డింపు. రాత్రికి కొర్రన్నమో జొన్నరొట్టో. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి సూర్యనంది లాంటి కొర్ర రకాలు వచ్చాయి, గింజకు ఇక్కడ కరువు లేదు. కానీ కొర్రల మీద మరీ భ్రమ వద్దు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే కొర్రల్లో 330 దాకా ఉంటాయి. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టు ఉంటుంది, అంతవరకే. కొర్రలు కదా అని రెండు గంటెలు ఎక్కువ పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికే. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూట మానకూడదు, ఒక్కపొద్దయినా సరే.

నడక సంగతి. కాలువగట్టు మీదికి నేనొక్కణ్ణే పోవాల్సి ఉంటే చలికాలం దుప్పటి వదిలేవాణ్ణి కాదు. పక్కింటి మామ గేటు గడియ చప్పుడు చేస్తాడు, ఆయన్ని వీధిలో నిలబెట్టలేక లేస్తాను. నా ఉత్సాహం ఎంతుందని ఆయన ఏనాడూ అడగలేదు. బరువు తగ్గి, తగ్గినట్టే నిలబెట్టుకున్నవాళ్ల వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీలో పోగేస్తున్నారు. అందులో పది మందిలో తొమ్మిది మంది రోజుకు సగటున గంటసేపు నడకో మరో వ్యాయామమో చేస్తారు. నలుగురిలో ముగ్గురు వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు.

నేను శనివారం పొద్దున్నే చూసుకుంటాను. రోజూ చూసుకుంటే ఉప్పుకూ నీటికీ కిలో అటూఇటూ ఊగి ప్రాణం విసిగిస్తుంది. సంక్రాంతికి కజ్జికాయలు తింటాను, ముల్లు పైకి పోతుంది. అందులో నీరెంతో కొవ్వెంతో ఆ తర్వాతి రెండు శనివారాలు చూస్తే తెలుస్తుంది, ఈలోగా మామ గేటు దగ్గరికి రావడం మానడు.