పట్టూ విడుపూ

ఆత్మరక్షణ అనే మాట వినగానే సాధారణంగా మనసులో మెదిలేవి దెబ్బ, దానికి ఎదురుదెబ్బ, ఆపైన వీలు చూసుకుని తప్పుకోవడం. కర్రసాము నేర్పే గురువైనా, కరాటే నేర్పే శిక్షకుడైనా, తప్పుకునే దారి ఉన్నంతవరకు తలపడవద్దనే చెబుతాడు. పది వేల మీటర్ల ఎత్తున ఎగురుతున్న ప్రయాణికుల విమానంలో ఆ దారే లేదు. అక్కడ పిలిస్తే వచ్చే పోలీసు లేడు, దగ్గరలోని విమానాశ్రయంలో దిగాలన్నా అరగంటో, సముద్రం మీదైతే రెండు మూడు గంటలో పడుతుంది, దాడి చేసినవాడూ దాడికి గురైనవారూ అంతసేపూ ఒకే గొట్టంలాంటి గదిలో ఉండాలి. పైగా సీట్ల వరుసల మధ్య నడవా, అమెరికా నిబంధనల ప్రకారం ఇరవై మంది గాని అంతకు మించి గాని కూర్చునే విమానంలో, నేల నుంచి 25 అంగుళాల ఎత్తు వరకు కనీసం 15 అంగుళాలు, ఆ పైన 20 అంగుళాలు ఉంటే చాలు. అంత ఇరుకులో చెయ్యి విసిరితే అది ఎదుటివాడికి తగులుతుందో, పక్క సీటులో నిద్రపోతున్న పసివాడికి తగులుతుందో చెప్పలేం. ఆ చోటుకు తగిన విద్య వేరు. దాని సారమంతా పట్టూ విడుపూ అనే తెలుగు జంటమాటలో ఇమిడిపోతుంది.

ఈ విద్యకు చట్టం వేసిన పునాది చాలామంది ప్రయాణికులకు తెలియదు. 1963 సెప్టెంబరు 14న టోక్యోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 1975లో టోక్యో కన్వెన్షన్ చట్టం ద్వారా అమలులోకి తెచ్చుకుంది. ప్రయాణికులు ఎక్కాక విమానం బయటి తలుపులన్నీ మూసిన క్షణం నుంచి, దిగడానికి వాటిలో ఒకటి తెరిచే క్షణం వరకు, లోపల క్రమాన్ని కాపాడే అధికారం ఆ ఒప్పందం ప్రకారం కెప్టెన్‌ది. విమానానికి గాని అందులోని మనుషులకు గాని ముప్పు తెచ్చేవాణ్ణి కట్టడి చేయమని కెప్టెన్ తన సిబ్బందిని ఆదేశించవచ్చు, ప్రయాణికులనైతే సాయం అడగవచ్చు లేదా వారికి అనుమతి ఇవ్వవచ్చు, కాని బలవంతపెట్టరాదు. ఒప్పందంలోని ఆరో అధికరణం ఇంకొక అడుగు ముందుకు వేసింది: విమానాన్నో, మనుషులనో, ఆస్తినో కాపాడడానికి ఆ క్షణంలోనే చర్య తప్పనిసరి అని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే, ఎవరి అనుమతీ లేకుండానే ఏ ప్రయాణికుడైనా తగిన నివారణ చర్య తీసుకోవచ్చు. ఒప్పందానికి లోబడి జరిగిన అటువంటి చర్యకు అతణ్ణి బాధ్యుణ్ణి చేయరాదని పదో అధికరణం చెబుతోంది. ఇక్కడ ‘తగిన’ అన్న విశేషణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కును వివరించే 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు కూడా, రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదనే అంటాయి.

2001 వరకు విమానయాన సంస్థలు తమ సిబ్బందికి నేర్పిన పద్ధతిలో పట్టుకు చోటే లేదు. హైజాకర్ కోరేది డబ్బో, ఖైదీల విడుదలో అయి ఉంటుంది గనుక అతడు చెప్పినట్టు విని, కాలం గడిపి, విమానాన్ని ఎలాగోలా నేలకు దించి, బేరసారాలను ప్రభుత్వాలకు వదిలేయాలన్నది ఆ పద్ధతి. 1999 డిసెంబరు 24న ఖాఠ్మండూ నుంచి ఢిల్లీకి వస్తూ హైజాక్ అయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 814 విమానంలోని ప్రయాణికుల్లో చాలామంది అదే నెల 31 దాకా బందీలుగా గడిపింది ఆ పద్ధతి చెలామణిలో ఉన్న రోజుల్లోనే. ప్రయాణికుల్లో ఒకరిని హైజాకర్లు చంపారు, మిగిలినవారిలో చాలామంది ముగ్గురు ఖైదీల విడుదల తర్వాతే ఇల్లు చేరారు. వారు ఎదురు తిరగలేదని ఈనాడు తప్పుపట్టడం అన్యాయం, ఎందుకంటే ఓపిక పట్టినవారే బతుకుతారని అప్పటివరకు లోకం నేర్చుకున్న పాఠం. ఆ పాఠం 2001 సెప్టెంబరు 11న ఒక్క పూటలో చెల్లకుండా పోయింది. ఆ ఉదయం 9.28 గంటలకు హైజాక్ అయిన యునైటెడ్ 93 విమానంలోని ప్రయాణికులు, హైజాక్ చేసిన విమానాలతో న్యూయార్క్ భవనాలను ఢీకొట్టిన సంగతి ఫోన్ల ద్వారా తెలుసుకుని, తాము బేరంలో సరుకు కాదు, ఆయుధంలో భాగం అని గ్రహించి, 9.57కి తిరగబడ్డారు. 10.03కి విమానం పెన్సిల్వేనియా పొలాల్లో కూలిపోయింది, హైజాకర్లు కాక అందులో ఉన్న 40 మందీ మరణించారు, కాని వాషింగ్టన్‌లో దాడికి ఎంచుకున్న గురి దాకా ఆ విమానం చేరలేదు. అటుపైన కాక్‌పిట్ తలుపులు తూటాకు తట్టుకునేలా మారాయి గనుక, ఈనాడు ప్రయాణికుడికి ఎదురయ్యే పోరాటం చాలావరకు క్యాబిన్‌కే పరిమితం.

పట్టు ఎలా ఉండాలో అదే సంవత్సరం డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీకి వెళుతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 63 విమానంలో కనిపించింది. అగ్గిపుల్ల కాలిన వాసన పసిగట్టిన ఒక ఎయిర్‌హోస్టెస్, రిచర్డ్ రీడ్ అనే ప్రయాణికుడు తన బూటులో దాచిన పేలుడు పదార్థపు వత్తిని వెలిగించబోవడం చూసి అతడిపై కలబడింది, సాయానికి వచ్చిన రెండో ఎయిర్‌హోస్టెస్ చేతిని అతడు కొరికాడు, ఆమె కేక విని చుట్టుపక్కల ప్రయాణికులు లేచారు. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషిని ఏ ఒక్కరూ పడగొట్టలేదు. ఒకరు భుజాలు, ఒకరు కాళ్లు, ఇంకొకరు చేతులు పట్టుకున్నారు, నీళ్లు తెచ్చి పోసినవారు పోశారు, ప్రయాణికుల నడుము బెల్టులు, సీటు బెల్టుకు జోడించే అదనపు పట్టీలు, హెడ్‌ఫోన్ తీగలు అన్నీ తాళ్లయ్యాయి, విమానంలో ఉన్న వైద్యులు మత్తుమందు ఇచ్చారు. బోస్టన్‌లో దిగేవరకు అతణ్ణి కాపలా కాశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2009 డిసెంబరు 25న, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్‌కు చేరుతున్న విమానంలో లోదుస్తుల్లో బాంబు దాచుకున్న యువకుణ్ణి కూడా ప్రయాణికులూ సిబ్బందీ ఇలాగే అదుపు చేశారు. ఈ రెండు ఘటనల్లోనూ పనికి వచ్చింది యుద్ధవిద్య కాదు. చుట్టూ గమనించే కన్ను, సిగ్గుపడకుండా పెట్టిన కేక, ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క మనిషి చొప్పున పంచుకున్న బలం అక్కడ పనిచేశాయి.

అయితే విడుపు తెలియని పట్టు ప్రాణం తీస్తుంది. 2000 ఆగస్టు 11న లాస్ వేగాస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి వెళుతున్న విమానంలో మతి చలించినట్టు ప్రవర్తించిన పందొమ్మిదేళ్ల యువకుడు కాక్‌పిట్ తలుపును తన్ని పగలగొట్టబోయాడు. ప్రయాణికులు అతణ్ణి పడేసి అదిమిపట్టారు, దిగేసరికి ఆ యువకుడు కొనప్రాణంతో ఉండి, ఆ తర్వాత చనిపోయాడు. ఊపిరాడకపోవడం ఈ మరణానికి కారణమని, ఇది ఇతరుల చేతిలో జరిగిన మరణమని శవపరీక్ష తేల్చినా, నేరోద్దేశం లేదని ప్రభుత్వ న్యాయవాదులు ఎవరిపైనా కేసు పెట్టలేదు. కేసు లేకపోయినంత మాత్రాన ఆ తల్లిదండ్రుల దుఃఖం చిన్నది కాదు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి విరిచి, వీపు మీద ఎవరైనా కూర్చుంటే, పక్కటెముకలూ ఉదరవితానమూ, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరికి ఆధారమైన కండరపు పొర, కదలలేక అతడు శ్వాస తీయలేడు. గాలి కోసం అతడు చేసే గింజులాటను పట్టుకున్నవారు ప్రతిఘటన అనుకుని ఇంకా గట్టిగా నొక్కుతారు. విమానంలో ఎవరినైనా పట్టుకునే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. అదుపులోకి రాగానే అతణ్ణి పక్కకు తిప్పాలి లేదా సీటులో కూర్చోబెట్టి కట్టాలి, మెడ మీద, ముఖం మీద చెయ్యి ఉండకూడదు, ఒక మనిషి పని కేవలం అతడి ఊపిరిని చూస్తూ ఉండడమే కావాలి. అతడు అదుపులోకి వచ్చాక కొట్టే ప్రతి దెబ్బా ఆత్మరక్షణ పరిధి దాటిపోతుంది.

బాంబులూ హైజాకులూ అరుదు. ప్రయాణికులకు తరచుగా ఎదురయ్యేవి తాగినవాడి గొడవ, సీటు కోసం తగాదా, మసక చీకటిలో స్త్రీల మీద వేసే చెయ్యి. భారత పౌర విమానయాన డైరెక్టరేట్ 2017లో ఇటువంటి ప్రవర్తనను మూడు స్థాయులుగా విభజించి, నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేతలతో చేసే దౌర్జన్యానికి ఆరు నెలల వరకు, ప్రాణాపాయం తెచ్చేదానికి కనీసం రెండేళ్లు ప్రయాణ నిషేధం ఉంటుందని నిర్ణయించింది. కాని ఫిర్యాదు లేకపోతే ఈ అంకెలకు బలం లేదు. వేధింపుకు గురైన స్త్రీ మొహమాటపడి ముడుచుకుపోకుండా, సీటు నంబరు చెప్పి, జరిగినదాన్ని ఒక్క వాక్యంలో పక్కవారికి వినబడేలా పలికి, తల మీది కాల్ బటన్ నొక్కి, సీటు మార్చమని, సంగతి కెప్టెన్‌కు చెప్పి దిగేచోటికి పోలీసులను పిలిపించమని సిబ్బందిని కోరాలి. అప్పుడు చుట్టుపక్కల కూర్చున్నవారు కళ్లు తిప్పుకోకుండా సాక్షులుగా పేర్లు ఇవ్వడం కూడా రక్షణవిద్యలో భాగమే, అది చేయనివారిని నిర్దోషులనడం కష్టం.

ఎగిరే విమానం తలుపు ఎవరైనా తెరుస్తారేమోనన్న భయం మాత్రం సగమే నిజం. ఎత్తున ఎగిరేటప్పుడు క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా చదరపు అంగుళానికి దాదాపు ఎనిమిది పౌండ్లు ఎక్కువ. విమానపు తలుపు సీసాకు లోపలి నుంచి బిగించిన బిరడా వంటిది గనుక ఆ ఒత్తిడిని కాదని ఏ మనిషీ దాన్ని తెరవలేడు. నేల దగ్గర పడ్డాక ఆ రక్షణ ఉండదు. 2023 మే 26న దక్షిణ కొరియాలో ఒక విమానం ఇంకా 200 మీటర్లకు పైగా ఎత్తులో ఉండగా ప్రయాణికుడొకడు తలుపు తెరిచాడు, అదృష్టవశాత్తూ అది క్షేమంగా దిగింది. అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నవారికి దిగే పది నిమిషాలూ నిద్రపోయే సమయం కాదు.

మనిషి చేసే దాడికన్నా ప్రకృతీ ప్రమాదమూ చేసే దాడి పెద్దది, అక్కడా పట్టూ విడుపూ అన్న సూత్రమే పనిచేస్తుంది. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న విమానం ఐరావతి లోయ మీద తీవ్రమైన గాలి కుదుపులో చిక్కినప్పుడు, బెల్టు పెట్టుకోనివారు పైకప్పుకు కొట్టుకున్నారు. అక్కడ పట్టు అంటే సీటు బెల్టే. అదే సంవత్సరం జనవరి 2న టోక్యోలోని హనేదాలో మంటల్లో చిక్కిన విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, చేతిసంచులు వదిలి జారుబల్లల మీదికి దూకడం వారిని కాపాడినవాటిలో ఒకటి. 1996 నవంబరు 23న కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియా విమానంలోనైతే, లోపలే లైఫ్‌జాకెట్‌లో గాలి నింపుకున్న చాలామంది నీరు చేరగానే పైకప్పుకు తేలిపోయి, ద్వారం దాకా మునిగి రాలేక మరణించారు. ద్వారం దాటాకే తాడు లాగమని సిబ్బంది చెబుతూనే ఉంటారు, వినేవారే తక్కువ.

ఆ ప్రకటన ఇంగ్లిషులోనో, హిందీలోనో, అరబ్బీలోనో వస్తుంది. పిల్లలను చూడడానికి శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా, దోహా మీదుగా అమెరికాకు మొదటిసారి ఒంటరిగా వెళ్లే తల్లిదండ్రులలో చాలామందికి అది అర్థం కాదు, కారు బెల్టుకు మీట నొక్కడం అలవాటైన చేతికి విమానపు బెల్టు మూత పైకి ఎత్తాలని ఎవరూ చెప్పరు. టికెట్టూ, పచ్చళ్ల డబ్బాలూ, పాస్‌పోర్టూ సర్దిపెట్టే పిల్లలు బయలుదేరే ముందు ఒక పది నిమిషాలు అమ్మానాన్నల పక్కన కూర్చుని, బెల్టు ఎలా తీయాలో, జాకెట్ ఎక్కడ ఉంటుందో, తాడు ఎప్పుడు లాగాలో, ఎవరైనా ఇబ్బంది పెడితే ఏ బటన్ నొక్కాలో తెలుగులో చెప్పి, చేతితో చేసి చూపించి పంపండి.