మట్టిపెళ్లల పనితనం

అమెరికా అంతర్యుద్ధం ముగిశాక తుపాకీ దించి నెబ్రాస్కా మైదానంలో నాగలి పట్టిన సైనికుడి పనితనం తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ప్రభుత్వమిచ్చే 160 ఎకరాలు తనవి కావాలంటే ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేయాలి. సైన్యంలో గడిపిన కాలాన్ని ఆ గడువులో కలుపుకోనిచ్చింది 1872 నాటి చట్టం. కనుచూపుమేర చెట్టు లేదు, ఇంటికి కలప లేదు. ఉన్నదల్లా నేల. గడ్డివేళ్లు చాపలా అల్లుకున్న ఆ నేలను అడుగు వెడల్పున, నాలుగంగుళాల మందాన నాగలితో పట్టీలుగా చీల్చేవాడు. పారతో రెండు మూడడుగుల పెళ్లలుగా కోసి, ఎండి విరిగిపోకముందే గోడకెక్కించేవాడు. గడ్డి వైపు కిందికి. కింది వరస అతుకు మీదికి పై పెళ్ల నడుము రావాలి. సందుల్లో పొడిమట్టి కూరి, గోడను పారతో నున్నగా చెక్కేవాడు. రెండడుగుల మందం గోడ! బయట మంచుగాలి ఈడ్చికొడుతున్నా లోపల పిల్లలు వెచ్చగా నిద్రపోయేవారు. మండువేసవిలో అదే గోడ చల్లదనమిచ్చేది. మిగతా నేలనూ దున్ని, తిరగబడిన పెళ్లల్లో గొడ్డలితో గంటుపెట్టి మొక్కజొన్న గింజ వేసేవాడు. గోడ లేపిన చేతులే గింజనూ మొలిపించాయి. ఆ చేతులకు నా నమస్కారం.