గాలి చొరని అతుకు

పడవ అడుగున చిల్లి పెట్టకుండా నీటి లోతు తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఎకో సౌండర్ తాలూకు ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ లోపలే, అడుగుకు ఎపాక్సీతో అతికించేస్తారు. శబ్దం ఫైబర్‌గ్లాసును దాటి కిందికి పోతుంది, నేలను తాకి వచ్చిన దారినే తిరిగొస్తుంది. మన తీరంలోలా ఇసుక మీదికి లాగే ఫైబర్ పడవలకు ఇది మరీ అనువు. ఒరుసుకుపోవడానికి గానీ, వలకు తగులుకోవడానికి గానీ బయట ఏమీ ఉండదు.

చూస్తే జిగురు పూసి అంటించడమే. పనితనమంతా గాలిని చొరనివ్వకపోవడంలో ఉంది. ట్రాన్స్‌డ్యూసర్‌లోని పింగాణీ బిళ్ళ సెకనుకు 50 వేల సార్లో 2 లక్షల సార్లో కంపిస్తుంది. ఎపాక్సీ, ఫైబర్‌గ్లాసు, నీరు ఆ కంపనాన్ని ఒకదాని నుంచి ఒకటి బాగానే అందుకుంటాయి. గాలి ఎదురైతే మాత్రం అది దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది. 15 మీటర్ల లోతుకు పోయి సెకనులో యాభయ్యో వంతులో తిరిగి రావలసిన శబ్దాన్ని, జిగురులో చిక్కిన పల్చటి గాలి పొర గడప దాటనివ్వదు.

అందుకే పనివాడు జిగురు డబ్బా మూత తీసే ముందే చోటు పరీక్షిస్తాడు. రెండు ఫైబర్ పొరల మధ్య నురుగో, బాల్సా చెక్కో కూరిన చోట పని జరగదు. గట్టి ఫైబరే కావాలి. పడవ పరుగెత్తుతున్నప్పుడు కింద నురగ పట్టని వెనక భాగమైతే మేలు. పాలిథీన్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ముంచి, తడిపిన అడుగు మీద ఆనిస్తాడు. పడవ బయట నీళ్లలో వేలాడదీసినప్పుడు కనిపించిన లోతే ఇక్కడా కనిపిస్తే చోటు ఖాయం. ఈ పనంతటిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఒక్క చుక్క ఎపాక్సీ ఖర్చు కాకుండానే జవాబు చేతికొస్తుంది.

తర్వాత రంగు, జిడ్డు వదిలేదాకా గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, చుట్టూ పుట్టీతో చిన్న గట్టు కడతారు. ఐదు నిమిషాల్లో బిగిసే రకం ఇక్కడ పనికిరాదు; బుడగలు పైకి తేలే వ్యవధే ఇవ్వదది. నిదానంగా గట్టిపడే ఎపాక్సీని, కొలత తప్పకుండా హార్డెనర్ వేసి, గిలక్కొట్టకుండా మెల్లగా కలిపి, తీగపాకంలా ఒక పక్కనుంచి పోయాలి. మరీ మందంగా పోస్తే తన వేడికి తానే ఉడికి బుడగలు పుట్టిస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ను చదునుగా దించరు. ఒక అంచు ముందు ఆనించి, వాల్చి, అటూ ఇటూ తిప్పుతూ నొక్కుతారు. చిక్కిన గాలి పక్కకు పాకి బయటపడుతుంది. ఆపైన పూర్తిగా బిగిసేదాకా చెయ్యి పెట్టకూడదు. ఓపిక లేనివాళ్లు సిలికాన్‌తో సరిపెడతారు గానీ, శబ్దాన్ని తానే మింగే మెత్తని రబ్బరును మధ్యలో పెట్టడం నాకు రుచించదు.

ఇన్ని చేసినా కొన్ని వదులుకోవాలి. నీటి వేడిమి తెలియదు, పక్కలు చూపే సైడ్ స్కాన్ అసలు కుదరదు. పైగా ఎపాక్సీ బిగిశాక ఊడదీయాలంటే ఉలి పట్టాలి; ట్రాన్స్‌డ్యూసర్ మీద ఆశ వదులుకోవాలి. అలా వద్దనుకున్నవాళ్లు చిన్న పెట్టెను మాత్రమే అతికించి, అందులో నూనె నింపి ట్రాన్స్‌డ్యూసర్‌ను ముంచుతారు. శబ్దాన్ని మోయడంలో ఆముదం నీటికి దగ్గరగా ఉంటుంది. నౌకాదళాల సోనార్లలోనూ వాడారు దాన్ని. అడుగు బాగా ఏటవాలుగా ఉన్న పడవలకు నా ఓటు ఈ పెట్టెకే. లోపల ట్రాన్స్‌డ్యూసర్‌ను వంచి, ముఖం నిట్టనిలువుగా కిందికే చూసేలా నిలపవచ్చు.