మూగ తెరపై రంగస్థల నటి: సూరత్ ఫాత్మా బేగం, ఆమె కుమార్తె జుబేదా

ఒపేరా గాయనులు చలనచిత్ర తారలుగా మారిన వృత్తాంతాలు పాశ్చాత్య దేశాలలో పలుమార్లు గ్రంథస్థమయ్యాయి. భారతదేశంలో ఆ ప్రక్రియకు సమీపంగా నిలిచినది పార్సీ కంపెనీల ఉర్దూ సంగీత నాటకం. పాట ఆ నాటకానికి అలంకారం కాదు, ఆయువుపట్టు. 1932లో మదన్ థియేటర్స్ వారు 'ఇంద్రసభ'ను తెరకెక్కించినప్పుడు అందులో సుమారు 70 పాటలుండటమే ఇందుకు నిదర్శనం. అటువంటి వేదిక నుంచి తెరకు వచ్చిన సూరత్ కుటుంబానికి చెందిన ఫాత్మా బేగం చరిత్రలో మాత్రం ఒక విచిత్రమైన వైరుధ్యం కనిపిస్తుంది.

1892లో జన్మించిన ఫాత్మా ఉర్దూ నాటకాలలో నటించి, 1922లో 'వీర అభిమన్యు'తో చిత్రరంగ ప్రవేశం చేసింది. తెరపై స్త్రీ పాత్రలను సైతం పురుషులు ధరిస్తున్న రోజులవి. అయితే నాటి చిత్రానికి మాట లేదు. వాచికమే బలంగా పెరిగిన నటి, వాచికానికి తావులేని రంగంలో అడుగుపెట్టింది. 1926లో స్వంత సంస్థను స్థాపించి, 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్'కు దర్శకత్వం వహించి, దేశంలో తొలి మహిళా దర్శకురాలయింది. ఇతివృత్తం నాటక ప్రేక్షకులకు చిరపరిచితమైన పరీల లోకమే. కాని వేదికపై పాట కలిగించే సమ్మోహనాన్ని ఇక్కడ కెమెరా తంత్రాలు కలిగించవలసి వచ్చింది. రంగస్థలం నుంచి ఆమె తెచ్చుకున్నది గానాన్ని కాదు, అద్భుత రసాన్ని. ఈ కుటుంబాన్ని గూర్చి వ్రాసినవారిలో పలువురు సూరత్ సమీపంలోని సచిన్ సంస్థానపు నవాబు ప్రసక్తికి ఇచ్చినంత స్థానం ఈ కృషికి ఇవ్వకపోవడం విచారకరం.

తల్లి విడిచివచ్చిన పాట కుమార్తె వంతయింది. 1911లో సూరత్‌లో జన్మించిన జుబేదా బాల్యంలోనే మూకీ చిత్రాలలో ప్రవేశించి, నాటకానుభవంతో గాక కెమెరా ముందే నటన నేర్చింది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'కు ఆమె నాయిక. జోసెఫ్ డేవిడ్ నాటకమే దానికి మూలం. శబ్దం, దృశ్యం ఒకే ఫిలింపై ఏకకాలంలో నమోదు కావలసి ఉన్నందున నటీనటులు కెమెరా ఎదుటనే పాడారు. స్టూడియో పక్కనే రైలుమార్గం ఉండటంతో చిత్రీకరణ చాలావరకు రాత్రివేళల్లో సాగింది. మూకీల బిడ్డ ఈ విధంగా సంగీత నాటకానికి వారసురాలయింది.

అదే ఇంపీరియల్ సంస్థ, ఆ వెంటనే హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో నిర్మించిన 'భక్త ప్రహ్లాద' (1932) తెలుగువారికి తొలి టాకీ. అందులో లీలావతి పాత్రధారిణి సురభి కమలాబాయి. ఎల్.వి. ప్రసాద్ ఈ రెండు చిత్రాలలోనూ కనిపించడం యాదృచ్ఛికం కాదు, చిత్రాల కుదురు ఒక్కటే. కాని నాయికల శిక్షణ వేరు. కమలాబాయి నాటకాల పందిరిలో చివరి వరుసకు వినపడేలా పెరిగిన గొంతుతో నేరుగా మైక్రోఫోన్ ముందుకు వచ్చింది. అంత దూరం వినిపించే కంఠాన్ని సన్నిహితంగా వినే యంత్రానికి అనుగుణంగా మలచుకోవడం ఆమెకెదురైన సమస్య. జుబేదా సమస్య దీనికి విపర్యయం. ముఖంతో చెప్పడం నేర్చిన నటి గళంతో చెప్పడం నేర్వవలసి వచ్చింది. వీరిలో ఎవరు ఎంతవరకు కృతకృత్యులయ్యారో తేల్చడానికి విమర్శకునికి నేడు ఆ చిత్రాలు లేవు. కమలాబాయి స్వరాన్ని వినగోరేవారు 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముని తల్లి మాటలలో వినవచ్చు. జుబేదా 'ఆలం ఆరా' గానానికి ఆపాటి ఆధారమైనా మిగలలేదు.

జుబేదా హైదరాబాదుకు చెందిన ధన్‌రాజ్‌గిర్ కుటుంబంలోకి కోడలిగా వెళ్ళింది. పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడింది. దానికి 'ఆలం ఆరా' ప్రతి ఏనాడూ లభించలేదు. అప్పటికి తల్లీకూతుళ్ళిద్దరూ జీవించే ఉన్నారు. ఫాత్మా 1983లో, జుబేదా 1988లో మరణించారు.