దెబ్బ బయటి రింగు మీదే

ముందు చక్రం బేరింగు అరిగిందంటే బండి నడిపేవాడి చేతులకే ముందు తెలుస్తుంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్తుంటే మలుపుల్లో హ్యాండిల్ తేలిపోతున్నట్టు ఉంటుంది. బ్రేకు పట్టుకుంటే ముందు భాగం సన్నగా వణుకుతుంది. చాలామంది టైరులో గాలి చూసుకుని సరిపెట్టుకుంటారు. అసలు పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేచేలా ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టాలి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అడ్డంగా ఊపాలి. టక్కుమని ఆడితే బేరింగు లూజైనట్టే. తర్వాత చక్రాన్ని తిప్పి ఫోర్కు మీద వేలు ఆనించాలి. చెవికి వినపడని గరగర కూడా వేలికి తెలుస్తుంది.

మా వైపు బేరింగులకు శత్రువులు ఎక్కువ. బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళ్తే సముద్రపు ఉప్పుగాలి. కాలవ గట్ల మీద, చేల దారుల్లో బురద. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వచ్చినప్పుడు కొల్లూరు, రేపల్లె వైపు లంకలు నీళ్లలో నానాయి. మునిగిన బండికి ఇంజను ఆయిల్ మార్చాలని అందరికీ గుర్తుంటుంది. హబ్ లోపల గ్రీజులో కలిసిన నీళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. సీలు అరిగిన పాత బండిని వాటర్ సర్వీసింగుకు ఇచ్చి, ఆ ధారను నేరుగా ఇరుసు మీద కొట్టించినా ఇదే నష్టం.

నాది పాత యెజ్డీ. దాన్ని తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలై 1996లో మూతపడింది. అయినా దానికి బేరింగు దొరుకుతుందా అన్న బెంగ నాకు లేదు. విప్పిన బేరింగు పక్కన చెక్కిన నంబరు చదివి కొట్లో చెబితే చాలు. దాని మీద 6203 అని ఉందనుకోండి. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి కొలత 40, మందం 12. జైపూర్‌లో చేసినా, పుణెలో చేసినా, స్వీడన్‌లో చేసినా అవే కొలతలు. నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నట్టు. మన ఉప్పుగాలికి అలాంటిదే మంచిది. ఎక్కడెక్కడి ఇంజినీర్లో ఒక కొలత మీద ఒప్పుకోబట్టి, మూతబడిన కంపెనీ బండి ఇవాళ తెనాలి రోడ్డు మీద తిరుగుతోంది. నాకది చాలా గొప్ప సంగతి.

బేరింగుకైతే నంబరుంది. దాన్ని ఎక్కించే పనితనాన్ని మాత్రం ఒక చెయ్యి దగ్గర మరో చెయ్యి నేర్చుకోవాల్సిందే. మా బాపట్ల మేస్త్రీగారు ఆ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకిష్టం. ఇరుసు లాగి, బ్రేకు ప్లేటు తీసి, సీలు ఊడదీస్తారు. రెండు బేరింగుల మధ్య స్పేసర్ అనే గొట్టం ఉంటుంది. దాన్ని పంచితో కాస్త పక్కకు జరిపి, అవతలి బేరింగు అంచు దొరకగానే చుట్టూ కొంచెం కొంచెంగా కొడతారు. ఒకే చోట కొడితే బేరింగు వంకరపోయి హబ్‌ను గీరేస్తుంది.

కొత్తది ఎక్కించే ముందు హబ్‌ను వేడి చేస్తారు. ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 80 డిగ్రీల వేడి పెరిగితే 40 మిల్లీమీటర్ల రంధ్రం పెద్దదయ్యేది మిల్లీమీటరులో 7 వందో వంతులే. ఆ కాస్త సందే చాలు. పాత బేరింగును కొత్తదాని మీద బోర్లించి, బయటి రింగు మీదే బరువు పడేలా సుత్తితో తడతారు. "లోపలి రింగు మీద కొడితే గోళీల మీద కొట్టినట్టే అబ్బాయ్. ఇవాళ తెలీదు, నెల తర్వాత మోత మొదలవుతుంది" అంటారు. అడుగుకు చేరే దాకా సుత్తి చప్పుడు డొల్లగా వినిపిస్తుంది. బేరింగు ఆనుకున్న మరుక్షణం ఆ చప్పుడు గట్టిపడుతుంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోతుంది. రెండో వైపు ఎక్కించే ముందు స్పేసర్ లోపల ఉందో లేదో తప్పకుండా చూస్తారు. అది లేకుండా నట్టు బిగిస్తే రెండు బేరింగులూ లోపలికి నొక్కుకుపోయి కొత్తవే పాడవుతాయి.

తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప సామానుతో శిల్పాలు చేస్తారు. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం గురించి దేశమంతా చెప్పుకుంది. వాళ్ల పనితనం నలుగురి కళ్ల ముందు నిలబడుతుంది కాబట్టి ఆ గౌరవం దక్కింది. దక్కాల్సిందే. మేస్త్రీ పనితనం హబ్ లోపల, సీలు వెనకాల దాగి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు మన ప్రాణం ఆధారపడేది మాత్రం దాని మీదే.

అందుకే పాత బండ్లున్న వాళ్లకు నా మనవి ఒకటే. వానాకాలం వెళ్లగానే ముందు చక్రం లేపి ఒకసారి ఊపి చూడండి. బేరింగు మార్చాల్సి వస్తే రెండూ కలిపి మార్పించండి, సీలు కూడా కొత్తదే వేయించండి. నంబరు సామాను ఏ కొట్లో చవకైతే అక్కడే కొనండి. కూలీ దగ్గర మాత్రం బేరమాడకండి. మేస్త్రీగారి పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు రేపు ఈ పనిలో నిలబడాలా, వదిలి వెళ్లిపోవాలా అన్నది ఆ కూలీయే తేలుస్తుంది.