హక్కు లేని శోకం: ‘రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్’ నవలలో స్నేహం

ఉపోద్ఘాతం

కెనడా రచయిత్రి ఎల్.ఎమ్. మాంట్‌గొమరీ 1921లో ప్రచురించిన ‘రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్’ మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఇంటి గడప నుంచి చూసిన నవల. కథాస్థలం ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని గ్లెన్ సెయింట్ మేరీ అనే కల్పిత గ్రామం. ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ (1908) కథానాయిక ఆన్‌కు చివరి కూతురు రిల్లా. 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి ఆమెకు పదిహేనో ఏడు నిండబోతుంది. అన్నలు ఒక్కొక్కరే సైన్యంలో చేరిపోతుంటే, ఆమె జూనియర్ రెడ్‌క్రాస్ సంఘాన్ని నడుపుతుంది. తల్లి చనిపోయి, తండ్రి యుద్ధానికి వెళ్లిన ఒక పసికందును పెంచుతుంది. ఈ నవలను అల్లరిపిల్ల బాధ్యత ఎరిగిన స్త్రీగా పరిణతి చెందిన కథగా చదవవచ్చు. ఆ పఠనం సరైనదే కాని, అందులో ఊనా మెరెడిత్‌కు తగిన చోటు దొరకదు. మరణించినవాని కోసం దుఃఖించే హక్కు ఎవరిది అన్న ప్రశ్నతో చదివినప్పుడు ఊనా నవలకు కేంద్రమవుతుంది. ఆ కోణం నుంచి రిల్లా, ఊనాల స్నేహాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బంధుత్వం, శోకాధికారం

యుద్ధకాలంలో శోకం వ్యక్తిగతంగా మాత్రమే ఉండదు. దానికి సమాజం, రాజ్యం రెండూ అర్హతలు నిర్ణయిస్తాయి. 1917లో కెనడా చేసిన యుద్ధకాల ఎన్నికల చట్టం సైనికుల భార్యలకు, తల్లులకు, అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు వయోజనులైతే ఓటుహక్కు ఇచ్చింది. వాగ్దత్తలకు ఇవ్వలేదు. నవలలో ఉపాధ్యాయిని గెర్‌ట్రూడ్ ఆలివర్‌కు ఓటు లేదు. ఆమెకు కాబోయే భర్త యుద్ధరంగంలోనే ఉన్నాడు. అతడు మరణించాడన్న వార్త ఒకసారి వచ్చి, తర్వాత పొరపాటని తేలుతుంది. ఆ కొద్దికాలం ఆమె అనుభవించిన వైధవ్యానికి చట్టంలో పేరు లేదు. రచయిత్రి ఈ ఓటు ప్రసంగాన్ని రిల్లా దినచర్యలో హాస్యఛాయతో నడిపినా, అది నవల లోతుల్లో ఉన్న ప్రశ్ననే బయటికి తెస్తుంది.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. భారతంలో స్త్రీపర్వం శోకాన్ని బంధుత్వం వెంటనే నడిపిస్తుంది. తల్లులు, భార్యలు, కోడళ్లు తమతమ వారిని గుర్తించి విలపిస్తారు. కర్ణునికి తర్పణం విడవవలసి వచ్చినప్పుడు కుంతి తన రహస్యాన్ని వెల్లడించక తప్పలేదు. బంధం ప్రకటితమైతేనే ఉదకం దక్కుతుంది. ఊనాకు ప్రకటించడానికి బంధమే లేదు.

అవహిత్థ

ఊనా మతాచార్యుని కూతురు. రిల్లా అన్న వాల్టర్‌ను ఆమె మౌనంగా ప్రేమిస్తుంది. యుద్ధానికి బయలుదేరేటప్పుడు వాల్టర్ ఆమెను సోదరభావంతో ముద్దుపెట్టుకుంటాడు. ఆ క్షణంలో ఆమె ముఖం లోపలి మాటను బయటపెట్టినా, ఎవరూ గమనించరు. 1916లో కోర్స్‌లెట్ యుద్ధంలో వాల్టర్ మరణిస్తాడు. తల్లి ఆన్ వారాల తరబడి మంచం పడుతుంది. ఆమె శోకాన్ని ఊరంతా గౌరవిస్తుంది. ఊనా తన పనులు తాను చేసుకుపోతుంది. యుద్ధానికి వెళ్లిన తన సోదరుల గురించి ఆమె బాహాటంగా కలతపడవచ్చు. వాల్టర్ కోసం కన్నీరు పెట్టడానికి మాత్రం లోకం దృష్టిలో ఆమెకు హక్కు లేదని కథకురాలే చెబుతుంది.

ఆలంకారిక పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ శోకం స్థాయిగా ఉంది కాని, అశ్రువు, విలాపం వంటి అనుభావాలకు అవకాశం లేదు. భావగోపనమైన అవహిత్థ ఒక్కటే మిగిలింది. అనుభావం లేని శోకం సహృదయునికి ఎలా అందుతుంది? ఆ పని చేయడానికే నవలలో స్నేహం ప్రవేశిస్తుంది.

ఉత్తరం చేతులు మారడం

దాడికి ముందురోజు రాత్రి వాల్టర్ రాసిన చివరి ఉత్తరం అతని మరణవార్త తర్వాత రిల్లాకు చేరుతుంది. రిల్లా దాన్ని ఊనాకు చదవనిస్తుంది. చదివిన ఊనా ముఖం చూసి, ఉంచుకుంటావా అని అడిగి, ఇచ్చివేస్తుంది. ఊనా కృతజ్ఞత చెప్పడం తప్ప మరేమీ అనదు. రిల్లా వెళ్లిన తర్వాత ఉత్తరాన్ని పెదవులకు ఆనించుకుంటుంది. అణచిపెట్టిన శోకానికి దొరికిన అనుభావం అదే.

ఈ ఘట్టంలో గమనించవలసింది రిల్లా అడగని ప్రశ్న. ప్రేమించావా అని ఆమె అడగదు, ఒప్పుకోలు కోరదు. తోబుట్టువుగా తనకు దక్కిన శోకాధికారానికి గుర్తైన కాగితాన్ని, ఆ అధికారం లేని స్నేహితురాలికి అప్పగిస్తుంది. కుంతి విషయంలో తప్పనిసరి అయిన ప్రకటన ఇక్కడ అవసరం కాలేదు. వాల్టర్ సైన్యంలో చేరకముందు అతని సంకోచాన్ని ఎత్తిపొడిచిన ఐరీన్ హోవర్డ్ స్నేహంతో పోలిస్తే ఈ మౌనం విలువ తెలుస్తుంది. ఐరీన్ ఎదుటివారి గాయాన్ని పైకి తెస్తుంది. రిల్లా దాన్ని కప్పి ఉంచుతూనే పంచుకుంటుంది.

అయితే ఒక ఆక్షేపణను దాటవేయలేం. ఆ ఉత్తరం కేవలం ప్రేమచిహ్నం కాదు. యుద్ధం న్యాయమైనదనీ, మరణించినవారి ఆశయాన్ని బతికినవారు నిలపాలనీ అది రిల్లాను, ఊనాను కోరుతుంది. నవల ఆ విశ్వాసాన్ని ఎక్కడా బలంగా ప్రశ్నించదు. అందువల్ల స్నేహితురాళ్ల మధ్య చేతులు మారింది ఓదార్పు మాత్రమే కాదు, యుద్ధభావజాలం కూడా. కాని ఒంటరిగా ఉన్నప్పుడు ఊనా చేసింది ఆ సందేశాన్ని మళ్లీ చదవడం కాదు, ఆ కాగితాన్ని ముద్దాడడం. రచయిత్రి సిద్ధాంతం ఏదైనా, ఆమె చిత్రించిన చర్య ఆ సిద్ధాంతానికి పూర్తిగా లొంగలేదు.

ముగింపు

మాంట్‌గొమరీ ఈ నవలను తన బంధువు, ఆప్తమిత్రురాలు అయిన ఫ్రెడరికా కాంబెల్ మాక్‌ఫార్లేన్ స్మృతికి అంకితం చేసింది. ఆమె యుద్ధం ముగిసిన కొద్దినెలలకే, 1919 జనవరి 25న, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కాలంలో ఆ జబ్బుతోనే మరణించింది. యుద్ధంలో నేలకొరిగిన వీరుల కథగా నడిచే గ్రంథం ఒక స్నేహితురాలి మరణదినంతో మొదలవుతుంది. స్నేహశోకానికి సైనికశోకంతో సమానమైన స్థానం ఇవ్వవచ్చునన్న భావన అంకితపుటలోనే ఉంది. ఊనాకు ఊరు ఇవ్వని హక్కును రిల్లా ఇచ్చింది. తన స్నేహితురాలి కోసం శోకించే హక్కును రచయిత్రి ఎవరినీ అడగకుండానే తీసుకుంది.